గోధుమల ఓడ, నాకు దక్కని నేస్తరికం

మా వీధిలో రోడ్డు వేస్తున్నారు. డ్రమ్ముల్లో తారు కాగుతోంది. చుట్టుపక్కల వాళ్లంతా తలుపులు బిగించుకుంటే నేను కిటికీ రెక్కలు రెండూ తెరిచి కూర్చున్నాను. "దగ్గొస్తుంది అత్తయ్యా, మూసెయ్యండి" అని కోడలు వంటింట్లోంచి అరుస్తోంది. నాకు దగ్గు రావడం లేదు. కోపం వస్తోంది. ఎప్పుడో చిన్నప్పుడు ఒక పిల్ల మీద పెంచుకున్న కోపం ఇన్నేళ్లలో పిసరంత కూడా తగ్గకుండా తారు వాసనతో పాటు లోపలికి వచ్చి నా ఎదుట కూర్చుంది. కోపం అనడం కూడా నా గొప్ప కోసమే. అది అసూయ.

నౌపడ స్టేషన్లో దిగి ఉప్పుమళ్ల గట్ల మీదుగా సముద్రం వైపు నడిస్తే మా ఊరు వచ్చేది. రైతుల ఊరు. కొద్దిగా వరి, మిగతాదంతా చోళ్లు అనే రాగులు, గంట్లు అనే సజ్జలు, వేరుశెనగ. ఊరు దాటి, సరుగుడు తోటలు దాటి, ఇసుకలో పాదాలు కాల్చుకుంటూ వెళ్తే పేట. చేపలు పట్టేవాళ్ల ఇళ్లు అక్కడ. బడి మా ఊళ్లోనే ఉండేది కాబట్టి పేట పిల్లలు అంత ఇసుకా దాటి మా దగ్గరికి వచ్చేవారు. వచ్చేవాళ్లలో ఆడపిల్ల ఒక్కతే. పేటకి పెద్దగా ఉండేవాడి కూతురు. నా పక్కనే కూర్చునేది. పలక తుడవడానికి నాకు ఉమ్మి తప్ప మరో మార్గం తెలియని రోజుల్లో ఆ పిల్ల సముద్రపు నురగ అని పేటవాళ్లు పిలిచే తెల్లటి గట్టి ముక్కొకటి తెచ్చి ఇచ్చింది. దాంతో రుద్దితే పలక అద్దంలా అయ్యేది. ఆ ముక్క ఇంకెవరికీ ఇవ్వలేదు. అంతే, అది నా మనిషి అని నిర్ణయించేసుకున్నాను.

మా వైపు నేస్తరికం అని ఒక ఆచారం ఉంది. ఇద్దరు ఆడపిల్లలు గాని, ఇద్దరు మగపిల్లలు గాని అమ్మవారి ఎదుట నిలబడి, కొత్త బట్టలు మార్చుకుని, ఒకరి నోట్లో ఒకరు బెల్లం పెట్టుకుంటారు. ఆ క్షణం నుంచీ ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. "నేస్తం" అనే పిలవాలి. రెండు కుటుంబాలూ చుట్టాలైపోతాయి. పెళ్లికి చీర, చావుకి స్నానం, అన్నీ రక్తసంబంధంలాగే. కులం అడ్డు రాదు. కోమటింటి పిల్లకి సాలీల పిల్లతో, రైతు పిల్లకి చాకలి పిల్లతో నేస్తరికాలు ఉండేవి. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఇక్కడే ఆగితే నేనూ చప్పట్లు కొడతాను. కాని ఇందులో ఒక మెలిక ఉంది. నేస్తాలు ఒకరింట్లో ఒకరు వండిన అన్నం తినకూడదు. బియ్యం, పప్పు, కూరగాయలు విడిగా ఇచ్చుకుంటారు, ఎవరిది వారు వండుకుంటారు. మనసు కలపవచ్చు, మెతుకు కలపకూడదు.

నేను నేస్తం కట్టుకుంటానని ఇంట్లో అడిగిన రోజు మా అయ్యకీ మా మామ్మకీ పెద్ద యుద్ధం జరిగింది. మా అయ్య రైతే. కాని నౌపడ నుంచి వార్తాపత్రిక తెప్పించుకుని, సాయంత్రం అరుగు మీద కూర్చుని వచ్చినవాడితో వచ్చినట్టు వాదన వేసుకునేవాడు. దేవుడు ఉన్నాడని అనేవాడు రాత్రి భోజనం వేళ దాకా మా అరుగు మీద నుంచి కదలడానికి వీల్లేదు.

"కట్టుకోనీరా" అంది మామ్మ. "దాని బాబు పేటకి పెద్ద. మంచి మనుసులు. కూడు మాత్తరం ముట్టుకోకుండా ఉంటే సాలు."

"అదేనే అమ్మా నా గొడవ" అన్నాడు అయ్య. "కలిసి కూడు తినడానికి పనికిరానోళ్లకి నేస్తరికం ఏటి? పసుపు రాసి, బెల్లం ఎట్టి, తిండికాడికొచ్చేసరికి ఎవులాకు ఆళ్లదేటి? నా ఇంట్లో ఈ నాటకం జరగదు."

"అయితే నా నేస్తం నాటకమేట్రా? సచ్చిపోయిందాకా నాకు సీర ఎట్టింది."

"సీర ఎట్టింది. నువ్వు దానికి ఒక ముద్ద అన్నం ఎట్టేవా?"

అయ్య నా వైపు తిరిగాడు. "ఆ గుంటని రేపు బోయినానికి తీసుకురాయే. నీ పక్కన కూకుని తింటాది. దానికి మించిన నేస్తరికం లేదు."

"ఓలమ్మో, కుండలు కలిపేత్తన్నాడు!"

"కుండ నువ్వు కడిగిందే గదే. దానికి కులం ఎక్కడంటుకుంది సూపించు, నాను తోముతాను."

మర్నాడు పేట పిల్ల వచ్చింది. మామ్మ అంత ఎత్తు నుంచి, మొహం గోడ వైపు తిప్పుకుని వడ్డించింది. చోడి అంబలి సగం కంచంలో, సగం నేల మీద పడింది. ఆ పిల్ల కిందపడినది కూడా వేలితో తీసుకుని నాకేసి, "మీ మామ్మ సెయ్యి మంచి రుసి" అంది. మామ్మ ఇంకో గరిటె వేసింది. ఆ ఆదివారం నేను పేటకి వెళ్లి వాళ్లింట్లో నెత్తళ్ల చేపల పులుసుతో తిన్నాను. ఆ పులుసు వాసన సాయంత్రం దాకా చేతిని వదలలేదు. వదలకూడదని నేనూ కడుక్కోలేదు.

కాని ఆ పిల్లకి ఒక్క సంగతి అర్థం కాలేదు. "కూడెట్టాడు గదే మీ అయ్య. నేస్తం వద్దన్నాడేటి?" అని మళ్లీ మళ్లీ అడిగేది. నేను అయ్య చెప్పిందంతా అప్పజెప్పేదాన్ని. అది విని, "ఏటో" అనేది. నాకూ లోపల "ఏటో" అనే ఉండేది.

ఆ ఏడు చలి మొదలయ్యే ముందు తుఫాను పట్టింది. వాన తెరిపిచ్చిన ఉదయం ఆ పిల్ల తడిసిన పరికిణీతో మా గుమ్మంలోకి దూసుకొచ్చింది.

"ఒసే, బేగి రాయే! సముద్రంలో ఊరు మొలిసింది!"

నిజంగానే ఊరులా ఉంది. పేటకి ఎదురుగా, కెరటాలు తెల్లగా విరిగే ఇసుకదిబ్బ మీద, పక్కకి ఒరిగిన నల్లటి ఇనుప ఊరు. దాని కడుపులోంచి నల్లనూనె కారి నీళ్లంతా జిడ్డుగా మెరుస్తోంది. ఒడ్డున ఇసుక తారులా పాదాలకి అంటుకుంది. ఆ వాసన ఆ ఏడంతా మా బట్టల్లో, జుట్టులో, అన్నంలో ఉంది.

పేటవాళ్లు నావలేసుకుని వెళ్లి ఓడలోని మనుషులందర్నీ ఒడ్డుకి తెచ్చారు. ఏ దేశంవాళ్లో మాకు తెలియలేదు. సరుగుడు తోటలో మంట వేసి కూర్చోబెట్టి చేపల పులుసు పెడితే ఒకతను కళ్లనీళ్లు కార్చుకుంటూ తిన్నాడు. బాధకా, కారానికా అని ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. మా అయ్య తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో వాళ్లలో ఒకడిని పట్టుకుని సమాచారం లాగాడు. ఆ సాయంత్రం అరుగు నిండా జనం.

"పెద్ద యుద్ధంలో కట్టిన ఓడట" అన్నాడు అయ్య. "సరుకు మొయ్యడానికి ఓడలు సాలక, మేకులు కొట్టే తీరిక నేక, రేకుకి రేకు అతికించేసి సముద్రంలోకి తోసేసినారట. బాంబులకి మునగనేదు. ఇన్నేళ్లు తిరిగి తిరిగి మన ఇసకకి దొరికిపోనాది. కడుపు నిండా గోదుమలు. కలకత్తా ఎల్తంది."

"దొరికిపోనాదేటి? అమ్మోరు ఆపింది" అంది మామ్మ లోపలి నుంచి. "వానల్లేక జనం మాడిపోతన్నారని లాగింది."

"లాగితే బియ్యం ఓడని లాగాల గదే. మనవేటి తింటామో మీ అమ్మోరికి తెలీదేటి?"

"దొరికిందాన్ని లాగింది. నీకెందుకురా అంత ఆరా?"

అరుగంతా నవ్వింది. అయ్య కూడా నవ్వాడు. కాని పేటలో ఎవరూ నవ్వలేదు. వారం తిరక్కుండా ఓడకి ఎదురుగా ఇసుకలో ఒక వేపకొమ్మ, దాని పక్కన పసుపు రాసిన రాయి, రాయి ముందు కొబ్బరిచిప్పలు వెలిశాయి. దేవతలు ఎక్కడి నుంచి వస్తారని పెద్దపెద్ద గ్రంథాలు రాసినవాళ్లున్నారు. వాళ్లని ఆ ఒడ్డున నిలబెడితే సరిపోయేది. ఒక నావికుడు దారి తప్పితే చాలు, ఒక దేవత పుడుతుంది. తుఫానుకి చెయ్యాల్సిన నమస్కారం రాయికి చేస్తారు. ప్రాణానికి తెగించి నావలేసుకుని వెళ్లి అంతమందిని కాపాడిన పేటవాళ్లకి మాత్రం ఎవరూ ఒక కొబ్బరికాయ కొట్టలేదు.

తడిసిన గోధుమలు పేటకీ మా ఊరికీ చేరాయి. ఇసుక మీద, అరుగుల మీద, చాపల మీద ఎక్కడ చూసినా గోధుమలే. ఎండకి పులిసిన వాసన. మామ్మ వాటిని బియ్యంలాగే ఎసట్లో పోసి ఉడికించింది. ఎంత ఉడికినా గింజ గింజే. "ఇది తిండేటి, గులకరాళ్లు" అని దవడ పట్టుకుని కూర్చుంది. పిండి ఆడించాలని ఎవరికీ తోచలేదు. ఆడించినా దాంతో ఏం చేయాలో తెలియదు. పిల్లలం మాత్రం దొంగతనంగా బొగ్గుల మీద వేయించి, బెల్లం ముక్కతో కలిపి, పరికిణీ మడతల్లో పోసుకుని బడిలో నములుతూ కూర్చునేవాళ్లం. మాస్టారు "ఎవర్రా ఎలకలు?" అని అరిచేవాడు.

ఆ రోజుల్లోనే ఒకసారి పేట పెద్ద మా ఇద్దర్నీ నావలో కూర్చోబెట్టుకుని ఓడ చుట్టూ తిప్పాడు. దగ్గరికి వెళ్తే అది ఓడ కాదు, గోడ. ఆకాశం దాకా గోడ. చెయ్యి చాచి ముట్టుకున్నాను. చల్లగా, గరుకుగా, రంగు పెచ్చులు రాలి అరచేతికి అంటుకున్నాయి. పేట పిల్ల నా చెవిలో అంది, "అయ్యనడిగి దీని మీదికెక్కుదుమే. మనిద్దరమే ముందు ఎక్కాల." నేను తలూపాను. ఆ రంగు పెచ్చులు పుస్తకంలో పెట్టుకున్నాను.

విశాఖపట్నం నుంచి చిన్న ఓడ ఒకటి వచ్చి పెద్ద ఓడని లాగింది. తాడు తెగింది. మళ్లీ లాగింది. పెద్ద ఓడ ఇంకాస్త ఇసుకలోకి కూరుకుంది. చిన్న ఓడ వెళ్లిపోయింది. ఆ తర్వాత విజయనగరం నుంచి ఒక షావుకారు వచ్చాడు. ఓడలో మిగిలిన గోధుమలూ, విప్పడానికి వీలున్న ఇనుమూ ఆయన కొనుక్కున్నాడని విన్నాం. పేట పక్కన తాటాకు పందిరి వేయించుకుని అక్కడే దిగాడు. సరుకు ఒడ్డుకి చేర్చాలంటే నావలు కావాలి. నావలన్నీ పేట పెద్ద మాట మీద నడుస్తాయి.

పేట పెద్ద ఖచ్చితంగా చెప్పాడట. "ఏసంగి అయ్యేదాకా సేత్తాం బాబూ. ఏరువాక గాలి మొదలెడితే ఆ దిబ్బ కాడ నావ కట్టం. అక్కడ కెరటం మంచిది కాదు."

షావుకారుకి అది చాలలేదు. అప్పుడు తన కూతుర్ని తీసుకొచ్చాడు.

నా వయసే. రెండు జడలు, రెండింటికీ ఎర్ర రిబ్బన్లు. ఇసుకలో చెప్పులు వేసుకుని నడిచేది. పక్కన నిలబడితే పౌడరు వాసన వచ్చేది. ఆ నల్లనూనె కంపులో, పులిసిన గోధుమల కంపులో ఆ ఒక్క పిల్ల దగ్గరే వేరే లోకం వాసన. మేం ఏరుకునే ఎండ్రకాయల్ని చూసి కెవ్వుమని అరిచేది. "ఇవి రాత్రి చెవుల్లో దూరి గుడ్లు పెడతాయి" అని నేను చెబితే నిజంగా నమ్మి చెవులకి గుడ్డ కట్టుకుని తిరిగింది. పేట పిల్ల నన్ను గిల్లి, "పాపమే, ఎందుకే అలగ అంటావు" అని దాని గుడ్డ విప్పింది. తర్వాత దాని చెయ్యి పట్టుకుని ఎండ్రకాయని వెనక నుంచి ఎలా పట్టుకోవాలో చూపించింది. నాకు చూపించినట్టే. అదే రకంగా వేలు వంచి, అదే మాటలతో. నేను అక్కడే నిలబడి చూశాను.

కొన్నాళ్లకి షావుకారు నేస్తరికం ప్రస్తావన తెచ్చాడు. పేటంతా పొంగిపోయింది. విజయనగరం షావుకారు కూతురు పేట పిల్లతో నేస్తం కట్టడమా! ఆ వేపకొమ్మ ముందు, కొత్త దేవత ఎదుట, డప్పులు కొట్టించి చేశారు. పేట పిల్ల పట్టు పరికిణీ కట్టుకుంది. దాని నోట్లో ఆ పిల్ల బెల్లం పెట్టింది. ఆ పిల్ల నోట్లో ఇది పెట్టింది. ముసలామె ఒకతె, "ఇంక పేరు సెప్పకూడదే. నేస్తమనాల" అంది. ఇద్దరూ సిగ్గుపడుతూ ఒకేసారి "నేస్తం" అన్నారు. అందరూ నవ్వారు. తర్వాత జరిగిన విందులో షావుకారు ఇంటివాళ్లకి బ్రాహ్మణ వంటవాడు వేరే పందిట్లో వడ్డించాడు. పేటవాళ్లు ఇసుక మీద కూర్చుని తిన్నారు. నేను ఎటూ కూర్చోలేదు. ఇంటికి వచ్చేశాను.

"సూసి వచ్చావా?" అన్నాడు అయ్య. "అది నేస్తరికం కాదు, కాంట్రాక్టు. ఇంక ఆ పెద్ద నోటెంట కాదన్నమాట రాదు."

అయ్య చెప్పింది అక్షరాలా నిజం. ఆయన మాట నిజమైనందుకు నాకు గర్వం కలగాలి. ఆ రాత్రి నేను అన్నం మానేశాను. మామ్మ నా తల నిమురుతూ, "కట్టుకోనీరా అంటే ఇన్నావు కాదు" అని గోడకి చెప్పింది.

వారంలో ఇంకో దెబ్బ. షావుకారు తన కూతురికి ఓడ చూపించాలనుకున్నాడు. తాడు నిచ్చెన కట్టించి పిల్లలిద్దర్నీ పైకి ఎక్కించారు. నాకు కబురు లేదు. నేను మా వేరుశెనగ చేలో ఉన్నాను. గాలి అటు నుంచి వీస్తోంది. టంగు టంగుమని గంట మోగింది. బడి గంట కాదు, గుడి గంట కాదు. ఓడ గంట. ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా. రెండు చేతులు వంతులవారీగా లాగుతున్నాయని ఆ తేడాలోనే తెలిసింది. ఇంటికెళ్లి పుస్తకంలోని రంగు పెచ్చులు తీసి పెరట్లో పారేశాను.

తర్వాత పేట పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి, "నానడిగినానే, నిన్ను కూడా తీసుకెళ్దామని. నేస్తం బాబు జాగా సాలదన్నాడు" అంది. అన్నిటికన్నా నన్ను కాల్చింది "నేస్తం బాబు" అన్న మాట. ఎంత సులువుగా వచ్చేసింది దాని నోట!

ఏరువాక గాలి మొదలైంది. సముద్రం రంగు మారింది. పేట పెద్ద నావలు ఒడ్డుకి లాగించాడు. షావుకారు ఆయన దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు. ఇదివరకు ఆయన పేటవాళ్లని అంటుకునేవాడు కాదు.

"బావా, పిల్లలు ఒక్కటయ్యాక మనం వేరా? ఇంకొక్క వారం."

పేట పెద్ద సముద్రం వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. "నేస్తరికం ఉన్నాది గదా" అన్నాడు తనవాళ్లతో. అంతే, నావ కట్టాడు.

వారం పూర్తి కాలేదు. ఒక ఉదయం మేం ముగ్గురం ఒడ్డున ఉన్నాం. పేట పిల్ల, దాని నేస్తం, వాళ్లకి కాస్త ఎడంగా నేను. ఓడ పక్కన పేట పెద్ద నావ కట్టి ఉంది. మనుషులు పై నుంచి బస్తాలు దించుతున్నారు. సముద్రం అడుగు నుంచి వచ్చినట్టు ఒక చప్పుడు వినబడింది. పిడుగులా మొదలై, పెద్ద గుడ్డ చింపినట్టు సాగి, మూలుగులా ఆగింది. ఓడ నడుము విరిగింది. ముందు భాగం ఒకవైపు, వెనక భాగం మరోవైపు ఒరిగి, మధ్యలోకి సముద్రం దూకింది. యుద్ధంలో తొందరపడి వేసిన ఆ అతుకు మా కళ్ల ముందే విడిపోయింది.

"అయ్యా!" అని పేట పిల్ల నీళ్లలోకి పరుగెత్తింది. ఎండ్రకాయల్ని చూసి అరిచే ఆ రిబ్బన్ల పిల్ల దాని చెయ్యి వదలకుండా కెరటాల్లోకి వెళ్లిపోయింది. నడుం లోతు దాకా. కెరటం కొడితే ఇద్దరూ పడుతున్నారు, లేస్తున్నారు, చేతులు మాత్రం విడవడం లేదు. ఒడ్డున ఊరంతా నావ కోసం చూస్తోంది. నా కళ్లు ఆ రెండు చేతుల మీదే ఉన్నాయి.

మనుషులందరూ బతికి బయటపడ్డారు. పేట పెద్ద ఒక చెక్క పట్టుకుని, భుజం చీరుకుపోయి ఈదుకుంటూ వచ్చాడు. నావ మాత్రం దక్కలేదు. మధ్యాహ్నానికి ఒడ్డంతా గోధుమలు తెట్టుగా పేరుకున్నాయి. పసుపు రాసిన రాయిని కెరటం ఎటు తీసుకుపోయిందో ఎవరూ చూడలేదు. షావుకారు ఇసుకలో కూలబడి తల పట్టుకున్నాడు. మర్నాడు ఎడ్లబండి మీద సామాను, కూతుర్ని వేసుకుని నౌపడ స్టేషనుకి వెళ్లిపోయాడు. పోయిన నావ మాట ఎత్తలేదు. ఆ పిల్ల బండి వెనక కూర్చుని ఏడుస్తూ, జడల రిబ్బన్లు విప్పి పేట పిల్ల చేతిలో పెట్టింది. నేను ఏడవలేదు. బండి ఉప్పుమళ్ల అవతల చిన్నదైపోతుంటే నాకు పండగలా ఉంది.

పేట పిల్ల బడి మానేసింది. నావ లేని ఇల్లు కదా. తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మడానికి ఊళ్లోకి వచ్చేది. రోజూ మా ఇంట్లోనే తినేది. మామ్మకి అప్పటికి గోడ వైపు తిరగడం మరుపొచ్చింది. ఒకరోజు మేం ఒకే కంచంలో తింటుంటే అన్నాను.

"సూసినావా నీ నేస్తాన్ని? ఎల్లిపోయింది. కబురైనా నేదు."

ముద్ద కంచంలోనే ఆపి నా వైపు చూసింది. "నేస్తాన్నేటీ అనకు."

ఆ తర్వాత నేను మా అయ్యతో పట్టు పట్టాను. రోజుల తరబడి. ఏడ్చాను, మాట్లాడటం మానేశాను. చివరికి ఆయన పత్రిక మడిచి పక్కన పెట్టాడు. "సరే, కట్టుకో. నా మాట తప్పని నాను ఇప్పటికీ అనను. కాని ఎవులి మనసు కోసం పెట్టిన వాదనో ఆ మనసే ఇరిగిపోతే ఆ వాదన నాకెందుకు?"

పేటకి ఒక్క పరుగు. అది గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు తిరగేస్తోంది.

"మా అయ్య ఒప్పుకున్నాడే! రేపే కట్టుకుందుం!"

అది నవ్వింది. సంతోషంగానే నవ్వింది. "మనకెందుకే ఆ తంతు? నీ కంచంలో నాను తింతన్నాను, నా కంచంలో నువ్వు తింతన్నావు. మీ అయ్య సెప్పిందే రైటు. కూడు కలిసినోళ్లకి బెల్లమెందుకు? కలిసి తినలేనోళ్లకే గదే నేస్తం."

ఆ తర్వాత జీవితంలో ఎందరితోనో వాదించాను. పండితుల్నీ, పూజారుల్నీ, మంత్రగాళ్లనీ ఎదురుగా కూర్చోబెట్టుకుని నోరు మూయించాను. మా అయ్య వాదననే దాని నోటితో నాకు అప్పజెప్పినప్పుడు మాత్రం నా దగ్గర ఒక్క ముక్క లేదు. గెలిచింది నా పక్షమే. ఓడింది నేను.

ఇప్పుడు ఆ ఒడ్డుకి వెళ్తే చూడటానికి ఏమీ లేదు. ఓడ ముందు భాగం కొన్నేళ్లు పోటుకి మునిగి ఆటుకి తేలుతూ ఉండేది. వలలు తగిలి చిరిగితే పేటవాళ్లు తిట్టుకునేవారు. తర్వాత ఎవరో వచ్చి గ్యాసుతో కోసి పట్టుకుపోయారు. మిగిలింది ఇసుక మింగింది. గోధుమలు ఉడకక దవడలు నొప్పెట్టిన ఊళ్లో ఇప్పుడు రాత్రిపూట ప్రతి ఇంట్లోనూ చపాతీలే.

నేను పెళ్లయి విజయనగరం వచ్చేశాను. షావుకారు ఇల్లు మా ఇంటికి నాలుగు వీధుల అవతల. ఆ కూతురు ఇల్లరికం వచ్చిన భర్తతో అక్కడే ఉండిపోయిందని తెలుసు. బజారులో ఎన్నోసార్లు ఎదురుపడింది. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. నేను పలకరించలేదు. పేటకి వెళ్లినప్పుడల్లా నా స్నేహితురాలు, "నేస్తం బాగున్నాదేటే? కనపడతాదేటి?" అని నన్నే అడిగేది. "ఏమో" అనేదాన్ని. అది పేరు పెట్టి పిలిచే మనిషిని నేను. అది పేరెత్తని మనిషి ఆమె.

కిందటేడు వేసవిలో పేట నుంచి దాని కొడుకు ఫోను చేశాడు. "పిన్నీ, అమ్మ పోయింది" అన్నాడు. తర్వాత, "అమ్మ నేస్తానికి కబురెట్టాల. మీకు దగ్గర గదా పిన్నీ, ఎల్లి సెప్పగలరేటి?" అన్నాడు.

వెళ్లాను. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను. మరిచిపోయి ఉంటుంది. ఏ పేట, ఏ నేస్తం అంటుంది. తండ్రి ఆడించిన నాటకం దానికేం గుర్తు! అలా అనాలని కోరుకున్నాను కూడా.

లావుగా, తెల్లజుట్టుతో వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. "ఫలానా పేట నుంచి కబురు. మీ నేస్తం పోయింది" అన్నాను. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఏం జబ్బు, ఎప్పుడు, ఏమీ అడగలేదు. చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని లేచింది. పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లి, కట్టుకున్న చీరతోనే బకెట్టులో నీళ్లు చెంబుతో తల మీద పోసుకుంది. ఒక చెంబు, ఇంకో చెంబు. కోడలు కంగారుగా వచ్చింది. "ఎవరండీ అత్తయ్యా పోయింది? మనకి మైలా?"

"నాకు మైల. నా నేస్తం" అంది. తర్వాత కోడలికి చీర ఒకటి తెమ్మని చెప్పింది. "పేటకి ఎళ్లాల. ఆఖరి సీర నాను కప్పాల."

మైల అబద్ధం. చావు ఎవరికీ అంటుకోదు. నీళ్లకి దుఃఖం కడిగే శక్తి లేదు. ఈ మాట ఇప్పటికీ ఎక్కడైనా, ఎవరి ఎదుటైనా నిలబడి చెబుతాను. ఆ పెరట్లో మాత్రం నీళ్లు కారుతున్న ఆ తల వైపు, తడిసి ఒంటికి అంటుకున్న ఆ చీర వైపు చూస్తూ ఉండిపోయాను. ఆమె మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"మీరు తానం సెయ్యరేటండీ? ఆవిడికి మీరేటవుతారు?"

"ఏమీ అవను" అన్నాను.

ఆమె తలూపి లోపలికి వెళ్లింది. బకెట్టులో నీళ్లు ఇంకా సగం ఉన్నాయి.